పిలవని పేరంటం

ఏ ఊరికి పోయినా ముందు అక్కడి రైల్వే స్టేషన్ ఎటు మొహం పెట్టుకుని ఉందో చూడటం నాకో పిచ్చి. ప్లాట్‌ఫాం పొడవెంత, గూడ్సు షెడ్డు ఎంత దూరంలో ఉంది, టికెట్ కిటికీలెన్ని, నీళ్ళ కుళాయి ఏ మూలన పెట్టారు, ఆడవాళ్ళు కూర్చునే చోటుకు నీడ ఉందా లేదా అని చూస్తాను. కాసేపు అటూ ఇటూ తిరిగితే చాలు, ఆ స్టేషన్‌ను ఎవరి కోసం కట్టారో తెలిసిపోతుంది. కట్టినవాళ్ళు పైకి ఏం చెప్పినా, పట్టాల అమరిక అబద్ధం చెప్పదు. బస్తాల కోసం కట్టిన స్టేషన్ ఒక రకంగా ఉంటుంది. దొరవారి సెలూన్ ఆగడానికి కట్టింది ఒక రకంగా ఉంటుంది. పొద్దున పనికి పోయి సాయంత్రం ఇంటికి వచ్చేవాళ్ళ కోసం కట్టింది మరో రకం. ఈ మూడో రకం మా నిజామాబాద్ జిల్లాలో నాకెక్కడా కనబడలేదు. ఆ మాటకొస్తే తెలుగు నేల మీద హైదరాబాద్ వదిలేస్తే అలాంటివి వెతుక్కోవాల్సిందే.

అది ఎలా ఉంటుందో చూడాలంటే మద్రాసు పోవాలి. సముద్రం పక్కన బీచ్ స్టేషన్ అని ఒకటుంది. అక్కడి నుంచి తాంబరం దాకా 1931లో కరెంటు రైళ్ళు మొదలయ్యాయి. హార్బరు ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, కంపెనీల్లో గుమాస్తా పని చేసేవాళ్ళు ఊరి చివర ఇళ్ళు కట్టుకుని, టిఫిన్ డబ్బాలు పట్టుకుని, రోజూ వచ్చిపోవడానికి చేసిన ఏర్పాటు అది. రైలు తప్పిపోతే కంగారు పడనక్కర్లేదు, వెనకాలే ఇంకోటి వస్తుంది. స్టేషన్ వాకిలి దాటితే ఎదురుగా ఆఫీసుల వీధి. ఎవరి కోసం కట్టారో అడగక్కర్లేదు. పేరుకు బీచే గానీ, అక్కడ దిగితే సముద్రం కనబడదు. హార్బరు కట్టాక కెరటాలు దూరం జరిగాయి, మధ్యలో రేవు గోడలు, గోదాములు లేచాయి. అయినా దాని పని ఆగలేదు. ఆ స్టేషన్ పని చేసింది సముద్రానికి కాదు కదా, గుమాస్తాలకు.

ఆ కరెంటు రైళ్ళు మొదట నడిచింది మీటర్ గేజ్ మీద. రెండు పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు. మా నిజామాబాద్ మీదుగా నడిచిన చిన్న రైలుదీ అదే కొలత. మద్రాసులో ఆ కొలత మీద గుమాస్తాలు ప్రయాణం చేస్తున్న ఏడాదే, అంటే 1931లోనే, ఇక్కడ మంజీర మీద నిజాంసాగర్ కట్టడం పూర్తయింది. ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆ నీళ్ళు మా పొలాలకు వచ్చాకే చెరకు వచ్చింది, చెరకు వెంట ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీ కాలంలోనే బోధన్ కొమ్మ లైను వచ్చింది. ఒకే వెడల్పు పట్టాలు, ఒక చోట మనిషి కోసం, ఇంకో చోట మూట కోసం.

అసలు లైను అంతకు ముందుదే. హైదరాబాద్ నుంచి గోదావరి లోయ పట్టుకుని మన్మాడ్ దాకా పోయే మార్గం ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే సంధికాలంలో పూర్తయింది. పెద్ద లైను కంటే ఖర్చు తక్కువని మీటర్ గేజ్ వేశారు. మరఠ్వాడా పత్తి, జొన్నలు ఓ కొసకు, సర్కారు వారి అవసరాలు ఇంకో కొసకు. మన్మాడ్ చేరితే బొంబాయి పెద్ద లైను దొరుకుతుంది. అంటే మాకు సముద్రం లేకపోయినా, మా పట్టాలు మొదటి నుంచీ సముద్రం వైపే చూస్తున్నాయి. ఇందూరు అనే పాత పేరు పోయి, 1905లో జిల్లా నిజామాబాద్ అయింది. సిర్నాపల్లి సంస్థానం రాణి శీలం జానకీబాయి చొరవ వల్లే రైలు ఈ దారిన వచ్చిందని, జానకంపేట ఆమె పేరు మీద వెలిసిందేనని ఈ ప్రాంతంలో అందరూ చెప్పుకుంటారు. ఓ రాణమ్మ అడిగితే రైలు వంపు తిరిగిందనే మాట నాకు ఇష్టం. ఆ తర్వాత అడిగినవాళ్ళకెవరికీ అది అంత తేలిగ్గా తిరగలేదు మరి.

నిజామాబాద్ స్టేషన్‌లో రోజువారీ జనాన్ని గుర్తుపట్టడం తేలిక. దూరం పోయేవాళ్ళు బోర్డు చదువుతారు, అనౌన్స్‌మెంట్ వింటారు, పెట్టెల మీద కూర్చుంటారు. పాసు జనం ఇవేవీ చేయరు. బండి ఎక్కడ ఆగితే ఏ పెట్టె ఏ స్తంభం ఎదురుగా వస్తుందో వాళ్ళకు తెలుసు, నేరుగా పోయి అక్కడే నిలబడతారు. కామారెడ్డి బడిపంతుళ్ళు, డిచ్‌పల్లి నుంచి వచ్చే కుర్రాళ్ళు, బాసర గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముకునే ఆడవాళ్ళు, మార్కెట్ యార్డు పసుపు ఖాతాలు రాసే గుమాస్తాలు. బెంచీ మీద తువ్వాల వేస్తే ఆ చోటు వాళ్ళదే. పేకాటకు నలుగురు, సలహాలకు నలభై మంది. ‘క్రాసింగ్ పడ్డది’ అంటే అందరూ ఒకేసారి దిగి టీ కొట్టు వైపు పోతారు, సిగ్నల్ పడేలోపు తిరిగొస్తారు. ఒంటి లైను కదా, ఎదురు బండి వచ్చేదాకా ఆగాల్సిందే. ఆ ఆగిన కాలమంతా ఈ జనం ఖాతాలోంచే పోతుంది. ఎదురొచ్చేది అజంతా అయినా దేవగిరి అయినా, ఆగేది పాసింజరే. అజంతా ఎక్స్‌ప్రెస్‌కు మీటర్ గేజ్ బండ్లలో వేగమైనదని ఒకప్పుడు పేరుండేది. ఆ పేరు నిలబెట్టడానికి మా పాసింజర్ ఎన్ని లూప్ లైన్లలో నిలబడిందో ఎవరూ రాసిపెట్టలేదు.

దేవగిరి బండిది వేరే కథ. బొంబాయి పోయే బండి అది. భీవండి మరమగ్గాలకు, ఆ తర్వాత దుబాయి, మస్కట్లకు పోయే మా జిల్లా మొగవాళ్ళలో చాలామందిని అదే మోసింది. ప్లాట్‌ఫాం మీద తల్లులు చివరి డబ్బాలో సద్దులు కట్టి ఇచ్చేది ఆ బండికే. వాళ్ళు రోజూ పోయివచ్చేవాళ్ళు కాదు, ఏళ్ళకోసారి వచ్చేవాళ్ళు. ఒకే ప్లాట్‌ఫాం మీద ఈ ఇద్దరూ పక్కపక్కన నిలబడేవాళ్ళు: సాయంత్రానికి ఇంట్లో ఉండేవాడూ, ఎప్పటికి వస్తాడో చెప్పలేనివాడూ. స్టేషన్‌కు మాత్రం ఇద్దరూ ఒకటే లెక్క, ఒక టికెట్.

నా చదువంతా బోధన్ బండి పుణ్యం. ఎడపల్లి పక్కన పల్లె మాది, నిజామాబాద్ గిరిరాజ్ కాలేజీలో డిగ్రీ. జానకంపేటలో దారి రెండుగా చీలేది. నేరుగా పోతే నవీపేట, గోదావరి వంతెన, బాసర. ఎడమకు తిరిగితే ఎడపల్లి, శక్కర్‌నగర్, బోధన్. అక్కడి పాయింట్స్‌మన్‌ను ఎదురుగా చూసినవాడిని కాబట్టి చెబుతున్నాను, రైలు నడపడమంటే డ్రైవరు ఒక్కడి పని కాదు. ఆయన చేతిలో పేము బెత్తంతో చేసిన పెద్ద వలయం, దాని అడుగున తోలు సంచి, సంచిలో ఇనుప గుండు. ఆ గుండు ఇంజన్లో ఉంటేనే ముందు లైను వాళ్ళది, లేకపోతే ఎంత ఖాళీగా కనబడినా అడుగు వేయడానికి లేదు. బండి పూర్తిగా ఆగకుండానే ఫైర్‌మన్ కిందికి వంగి, పాత వలయాన్ని వదిలి కొత్త వలయంలోకి చేయి దూర్చి లాక్కునేవాడు. మోచేతి దాకా తగిలి చర్మం ఎర్రగా కందిపోయేది. వానాకాలం తోలు తడిసి జారేది. ఒకసారి వలయం కింద పడి, పాయింట్స్‌మన్ పంచె ఎగ్గట్టి ఇంజన్ వెంట పరుగెత్తుతుంటే, కిటికీల్లోంచి మేమంతా ‘ఉరుకు మామా, ఉరుకు’ అని అరిచాం. ఆయన బండినాపి, గుండు అందించి, మా వైపు చూసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ కొమ్మ లైను పొడవు ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. దాని కొసనే బోధన్. బోధన్‌ను ఏకచక్రపురం అంటారు. భారతంలో పాండవులు తలదాచుకున్న ఊరు, రోజుకో బండెడు అన్నం తినే బకాసురుడి ఊరు అదేనని నమ్మకం. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని తలచుకున్నప్పుడల్లా నాకా కథ గుర్తొచ్చి నవ్వొస్తుంది. చలికాలం క్రషింగ్ మొదలైతే చెరకు బండ్లు శక్కర్‌నగర్ గేటు ముందు బారులు తీరేవి. ఎద్దులు నిలబడే నెమరు వేసేవి, బండివాళ్ళు చక్రాల కింద గొంగళి పరచి పడుకునేవాళ్ళు. లోపలి నోటికి మాత్రం రాత్రీ పగలూ లేదు. తియ్యటి ఆవిరి, దాని అడుగున మొలాసిస్ పులుపు కలిసిన ఒక వాసన ఎడపల్లి దాటగానే రైలు డబ్బాలోకి వచ్చేసేది. కళ్ళు మూసుకున్నవాడికి కూడా దిగాల్సిన చోటు దగ్గరపడిందని తెలిసేది. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని మా వాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. చెప్పుకునేటప్పుడు ఛాతీ కొంచెం పెరిగేది కూడా.

నిజాంసాగర్ నీళ్ళ వెంట కోస్తా జిల్లాల రైతులు వచ్చారు. కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు నుంచి ఉన్న కొద్ది పొలం అమ్ముకుని, ఇక్కడ నల్లరేగడి కొనుక్కుని, కాలవ గట్ల వెంట గుడిసెలు వేసుకున్నారు. వర్ని, కోటగిరి చుట్టుపక్కల ఇప్పటికీ ‘క్యాంపు’ అనే పేరుతో ఊళ్ళున్నాయి. బెజవాడ నుంచి పెద్ద లైను మీద సికింద్రాబాద్ దాకా వచ్చి, అక్కడ మూటా ముల్లే దింపుకుని, చిన్న రైలెక్కితే గానీ ఇక్కడికి రాలేరు. సముద్రం చూసి పెరిగినవాళ్ళను చెరకు తోటల్లోకి తెచ్చింది ఈ దారే. మా పల్లెలో ఓ కోస్తా ముసలావిడ ఉండేది. ‘మీ రైలు ఏంటర్రా, మా ఊరి పడవంత వేగం కూడా లేదు’ అనేది. అంటూనే ఏటా దసరాకు పుట్టింటికి పోవడానికి దాంట్లోనే ఎక్కేది.

ఇక బోధన్ స్టేషన్ అమరిక. కొస స్టేషన్ అంటే అక్కడితో దారి ఆగిందని. వచ్చిన బండి వచ్చినట్టే ముందుకు పోలేదు. ఇంజన్ ఊడదీసి, పక్క లైను మీదుగా వెనక్కి నడిపించి, రెండో కొసకు తగిలిస్తేనే తిరుగు ప్రయాణం. విశాఖపట్నంలో కూడా ఇలాగే జరుగుతుంది. విజయవాడ నుంచి హౌరా పోయే బండి అక్కడికి వచ్చిందంటే ఇంజన్ మొదటి నుంచి చివరికి మారాల్సిందే. బండి పోయేవైపు ముఖం పెట్టి కూర్చున్నవాడు అక్కడి నుంచి వెనక్కి ప్రయాణం చేస్తాడు. అక్కడ సముద్రం, కొండలు అడ్డం పడ్డాయి కాబట్టి అలా కట్టారనుకోవచ్చు. బోధన్ దగ్గర ఏ కొండా అడ్డం లేదు, ఏ సముద్రమూ లేదు. ముందుకు బల్లపరుపు నేల, మంజీర ఒడ్డు దాకా చెరకే. లైను ఆగింది ఎందుకంటే, దాన్ని వేసినవాళ్ళకు కావలసింది అక్కడ దొరికింది. చక్కెర దొరికిన చోట దారి ఐపోయింది.

మరి మనుషులు? వాళ్ళు ఈ పెళ్ళికి పిలవని పేరంటం. బస్తాల బండి ఎలాగూ పోతుంది కాబట్టి రెండు డబ్బాలు తగిలించారు. తగిలించాక మెల్లగా ఆ డబ్బాలే ఊరి బతుకైపోయాయి. నిజామాబాద్ కోర్టులో వాయిదా ఉన్నవాడు, పెద్దాసుపత్రిలో బిడ్డను చూపించాల్సిన తల్లి, పట్నం పోయి బట్టలు కొనుక్కొచ్చే వ్యాపారి, నాలాంటి కాలేజీ కుర్రాళ్ళు. ఫ్యాక్టరీ షిఫ్టు కూతకూ, బండి కూతకూ మధ్య జనం తమ గడియారం సర్దుకున్నారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వెళ్ళగొట్టనూ లేదు. పిలవని పేరంటానికి వచ్చినవాడు మర్యాదగా చివరి పంక్తిలో కూర్చుంటాడు చూడండి, అలా. కానీ విస్తరి ముందు కూర్చున్నాక వాడికీ ఆకలి నిజమే కదా.

చక్కెర ప్రయాణం కూడా సుఖంగా ఏమీ లేదు. క్వింటాల్ బస్తా మీటర్ గేజ్ వ్యాగన్‌లో ఎక్కి, పెద్ద లైను ఊళ్ళకు పోవాలంటే సికింద్రాబాద్‌లోనో మన్మాడ్‌లోనో దిగి, హమాలీ భుజమెక్కి, మళ్ళీ పెద్ద వ్యాగన్‌లో పడాలి. మీటరుకూ, 1,676 మిల్లీమీటర్ల పెద్ద లైనుకూ మధ్య తేడా హమాలీ వీపు మీద పడేది. లారీలు రోడ్డెక్కిన తర్వాత ఈ రెండుసార్ల దింపుడు ఎవరు భరిస్తారు? ఫ్యాక్టరీ గేటు నుంచి గోదాము దాకా ఒకే లారీ. అంటే చక్కెర రైలును వదలడం మొదలుపెట్టింది ఫ్యాక్టరీ మూతబడక ముందే. పట్టాలు పెద్ద లైనుగా మారింది ఈ శతాబ్దం మొదటి ఏళ్ళలో. ఎవరి కోసం ఇరుకు అని ఇన్నేళ్ళు తిట్టుకున్నామో ఆ సరుకు వెళ్ళిపోయాక దారి వెడల్పయింది. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. భారతంలో బకాసురుడు చచ్చిన నాడు ఏకచక్రపురం పండగ చేసుకుంది. ఇక్కడ ఆ నోరు మూతబడిన నాడు ఊరు ఊరంతా ఏడ్చింది. చెరకు రైతు ఇంకో పంట వైపు తిరిగాడు, కార్మికుడు బకాయిల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. శక్కర్‌నగర్ కాలనీ క్వార్టర్ల ముందు జామచెట్లు మాత్రం ఎవరూ నీళ్ళు పోయకపోయినా కాస్తూనే ఉన్నాయట, ఓ పాత ఉద్యోగి చెప్పాడు.

నాకు బాధగా అనిపించేది ఫ్యాక్టరీ లెక్కలు కాదు, రైలు లెక్కలు. ఓ కొమ్మ లైను లాభమా నష్టమా అని చూసేటప్పుడు అది దేని కోసం వేశారో ఆ సరుకునే తూకం వేస్తారు. ఆ సరుకు లేదు కాబట్టి ఆ లైనుకు పని లేదంటారు. మధ్యలో ఎనభై ఏళ్ళ పాటు దానికి అలవాటు పడ్డ జనం ఏ కాగితంలోనూ కనబడరు. మద్రాసు బీచ్ స్టేషన్‌కు సముద్రం దూరమైనా గుమాస్తాలు మిగిలారు. వాళ్ళ కోసమే కట్టారు కాబట్టి ఏటేటా అదే చోట కొత్త రైళ్ళు వచ్చాయి. బోధన్‌కు చక్కెర దూరమయ్యాక జనం మిగిలారు, కానీ ఎవరూ వాళ్ళ కోసం కట్టలేదు. ఈ తేడా చిన్నదిగా కనబడుతుంది గానీ, ఒక ఊరి పొద్దునా సాయంత్రం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

జిల్లాకు కొత్త లైను రాలేదని కాదు. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ దాకా 177 కిలోమీటర్ల దారి, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న రోజుల్లో మొదలై, 2017కు పూర్తయింది. ఓ తరం పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కనేంత కాలం. ఆ దారి వల్ల నిజామాబాద్ జంక్షన్ అయింది. మొదటి నుంచీ తూర్పుకు తిరగని ఊరు తూర్పుకు తిరిగింది. నిజామాబాద్, కామారెడ్డి స్టేషన్లు 2023లో అమృత్ భారత్ పథకంలోకి వచ్చాయి. లిఫ్టులు, పెద్ద హాళ్ళు, కొత్త ముఖద్వారాలు వస్తున్నాయి. వద్దనను. కానీ పొద్దున బండి దిగిన పంతులుకు కావలసింది ముఖద్వారం కాదు, ఎదురుగా ఉన్న బస్టాండుకు ఎండ తగలకుండా నడిచే దారి. స్టేషన్, బస్టాండు అంత దగ్గరగా ఉన్న ఊళ్ళు ఎక్కువ లేవు. ఆ వరం మాకు దొరికింది, దాని మధ్య రోడ్డు దాటడమే ఇంకా వరంలా మారలేదు.

మొన్న బోధన్‌లో ఓ పెద్దాయనతో మాట కలిసింది. శక్కర్‌నగర్‌లో పని చేసి రిటైరైన మనిషి. బోధన్ నుంచి బీదర్ దాకా లైను వేయాలని ఎన్నో ఏళ్ళుగా జనం అడుగుతూనే ఉన్నారు కదా, అదొస్తే బోధన్ కొస ఊరు కాకుండా పోతుంది, పెద్ద ఊళ్ళతో కలుస్తుంది అని నేను ఉత్సాహంగా చెప్పుకొస్తున్నాను. ఆయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

“బీదర్ల నాకేం పని బిడ్డా?” అన్నాడు. “నా బిడ్డ నిజామాబాద్‌ల ఉంటది. దవాఖాన అక్కడ్నే. పొద్దుగాల ఒక బండి పోవాలె, పొద్దుమూకి ఒక బండి రావాలె. గంతే.”

“బస్సులున్నయి కద తాతా.”

“ఉన్నయి. మా ముసల్దానికి బస్సుల టికెట్టే లేదు, సర్కారు మాఫీ జేసింది. నాకైతే కొట్టుడే. అందుకని అదొక్కతే పోయి బిడ్డను చూసొస్తది, నేను ఇంట్ల అన్నం వండుకుంట. రైల్లయితే ముసలోల్లని ఇద్దరికీ ఎంతో కొంత తగ్గిస్తుండిరి. ఇప్పుడదీ తీసేసిండ్రట గదా?”

అవునన్నాను, 2020లోనే తీసేశారని. అయితే ఇంక బీదర్ లైను పడినా తనకు లాభం లేదని తేల్చేసి, చెవి మీది బీడీ మళ్ళీ వెలిగించుకున్నాడు.